నీతిశాస్త్ర పీఠంపై తిరుత్తణి బిడ్డ

కలకత్తా విశ్వవిద్యాలయంలో మానసిక, నీతి శాస్త్రాల ఆచార్య పదవికి ఐదవ జార్జి చక్రవర్తి పేరు పెట్టారు. పేరు చక్రవర్తిదైనా ఆ పీఠానికి వన్నె తెచ్చింది మనవాళ్లే. ఆ పదవిలో ఉండిన వంగ పండితుడు బ్రజేంద్రనాథ్ శీల్ 1921లో మైసూరు విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలర్‌గా వెళ్లారు. ఆ స్థానానికి అశుతోష్ ముఖర్జీ అదే మైసూరులో పాఠాలు చెబుతున్న 32 ఏళ్ల తెలుగువాణ్ణి పిలిపించారు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్.

1960 వరకు మన చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణిలో 1888లో పేద కుటుంబంలో ఆయన జన్మించారు. పుస్తకాలు కొనే స్తోమత లేదు. బంధువొకరు చదివి ఇచ్చినవి తత్వశాస్త్ర గ్రంథాలు కావడంతో ఆ శాస్త్రమే చదివారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ మద్రాసు క్రైస్తవ కళాశాలలో విని నొచ్చుకున్నారు. వాదులాటకు దిగలేదు. 1908లో ఎం.ఏ. పరీక్షకు వేదాంతంలోని నీతి మీదనే వ్యాసం రాసి జవాబిచ్చారు. 13 ఏళ్లకు నీతిశాస్త్ర పీఠమే ఆయనను వరించింది. ఆయనకు విదేశీ పట్టా లేకపోవడం గమనార్హం.

కలకత్తాలో ఉండగానే భారతీయ తత్వశాస్త్రంపై 1923, 1927లలో రెండు ఆంగ్ల సంపుటాలు వెలువరించారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలర్ అయ్యారు. 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్ర పీఠం అధిష్ఠించారు. అక్కడ ఆచార్య పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే.

ఇంతటి చదువుకూ మొదలు ఎవరో చదివేసిన పుస్తకాలు. పరీక్షలు కాగానే పాత పుస్తకాలను తూకానికి అమ్మకుండా కింది తరగతి పిల్లలకిస్తే మన ఊళ్లకూ మేలు జరుగుతుంది.