బల్ల మీద ఓ స్టేషన్!

సామర్లకోటలో ‘స్టేషన్ ఎక్కడండీ’ అని అడిగితే ఎవరైనా రైల్వే జంక్షన్ వైపే చెయ్యి చూపిస్తారు. చెన్నై - హౌరా ప్రధాన మార్గం నుంచి కాకినాడ లైను చీలేది ఇక్కడే మరి! కానీ టీవీలూ ఇన్వర్టర్లూ సెల్‌ఫోన్లూ బాగుచేసేవాళ్లకి ఇంకో స్టేషన్ ఉంటుంది. బల్ల మీద రెండు జానల జాగాలో ఒదిగిపోయే ఆ పెట్టె మంచిదైతే పది కాలాలపాటు అన్నం పెడుతుంది. నాసిదైతే బాగున్న బోర్డునీ పాడుచేసి పేరు పోగొడుతుంది. అదే... సోల్డరింగ్ స్టేషన్.

ఓ రైసు మిల్లు కంట్రోల్ ప్యానెల్లో బోర్డు ఆగిపోయిందనుకోండి. కొత్తది తెప్పించాలంటే వేలల్లో ఖర్చు. అది వచ్చేదాకా మిల్లు ఆపుకోవాలి. తీరా విప్పి చూస్తే పోయింది పది రూపాయల కెపాసిటర్ ఒక్కటే. దాన్ని ఊడదీసి కొత్తది అతికిస్తే చాలు. చెప్పడానికి ఇంతే. చెయ్యడంలోనే ఉంది కిటుకంతా. ఊడదీసేటప్పుడు వేడి ఎక్కువైతే బోర్డు మీది సన్నని రాగి గీత లేచి వచ్చేస్తుంది. ‘ప్రింటు లేచిపోయింది’ అంటారు మెకానిక్‌లు. వేడి చాలకపోతే లెడ్డు- అంటే అతికే సోల్డర్ తీగ- సరిగ్గా పారదు. పైపైన ముద్దలా కూర్చుంటుంది. అది ‘డ్రై సోల్డర్’. ఇవాళ పనిచేస్తుంది, వారం తిరక్కుండా మళ్లీ ఆగుతుంది. మొదటి తప్పుకి బోర్డు పోతుంది. రెండోదానికి మెకానిక్ మీద నమ్మకం పోతుంది. చాలాసార్లు ఆ తప్పు చేతిది కాదు, చేతిలో ఉన్న పనిముట్టుది.

మాట్లేసే విద్యే!

నిజానికి ఈ విద్య మనకి కొత్తదేం కాదు. బిందెలకు మాట్లేస్తామంటూ వీధుల్లో కేకేసుకుంటూ తిరిగినవాళ్లు చేసిందీ ఇదే. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు గిన్నె కాగాక నవాసారం చల్లి, తగరం కరిగించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవారు. కంసాలి వెలిగారం వాడేదీ అందుకే. వేడికి లోహం మీద పట్టే మసిపొర తొలగితేనే అతుకు నిలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ పనిలో ఆ నవాసారం చోట పైన్ చెట్ల బంక నుంచి తీసిన రోజిన్ వచ్చింది. మంచి సోల్డర్ తీగ లోపల, పెన్సిల్లో ములుకులా, ఇదే ఉంటుంది.

తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిపిన తీగ సరిగ్గా 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రేడియోల కాలం నుంచీ మెకానిక్‌ల చేతులకి అలవాటైన రకాలు ఇదీ, దీని దగ్గరి చుట్టం 60-40 తీగా. అయితే ఆరోగ్యానికి చేటని 2006 జులై 1 నుంచి ఐరోపా దేశాలు కొత్త పరికరాల్లో సీసం మీద ఆంక్షలు పెట్టాయి. మన దేశమూ 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలతో అదే బాట పట్టింది. దాంతో కంపెనీలు సీసం లేని మిశ్రమాలకు మళ్లాయి. (సీసమే లేకపోయినా మన మెకానిక్‌లకు అది ఇప్పటికీ ‘లెడ్డే’. అలవాటు మరి!) వాటిలో ఎక్కువగా వాడే రకం కరగాలంటే 217 నుంచి 220 డిగ్రీల వేడి కావాలి. పైగా అంత తేలిగ్గా పారదు. ఇప్పుడు బాగుకి వచ్చే టీవీల్లో, ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఈ మొండి రకమే. పాతికేళ్ల కిందటి రేడియోకి సరిపోయిన పనిముట్టు దీని ముందు తేలిపోవడంలో ఆశ్చర్యం లేదు.

పూతరేకుల కుండలా...

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లని చూశారా? బోర్లించిన కుండ మరీ కాలితే రేకు మాడుతుంది. చల్లారితే ఊడిరాదు. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ తగిలినప్పుడల్లా కుండ కొంత వేడిని పోగొట్టుకుంటుంది. అందుకే ఓ కన్ను మంట మీదే ఉంచి ఎగదోస్తూ, తగ్గిస్తూ ఉంటారు. సోల్డరింగ్ స్టేషన్ చేసేదీ అచ్చంగా ఆ పనే. బిట్టు- అంటే ఐరన్ మొన- దగ్గర వేడి ఎంతుందో చిన్న సెన్సర్ ఒకటి ఎప్పటికప్పుడు చూస్తుంటుంది. తగ్గితే పెట్టె కరెంటు పంపుతుంది, చాలనగానే ఆపుతుంది.

రెండు మూడొందలకి దొరికే 25 వాట్ల మామూలు ఐరన్‌కి (ఇస్త్రీపెట్టె కాదండోయ్!) ఆ తెలివి ఉండదు. ప్లగ్గు పెట్టింది మొదలు కాలుతూనే ఉంటుంది. స్టాండులో ఖాళీగా ఉన్నంతసేపూ అవసరానికి మించి కాగుతుంది. లావుపాటి వైరుకి ఆనిస్తే ఒక్కసారిగా నీరుగారిపోతుంది. వోల్టేజీ గొడవ మరొకటి. ఐరన్ ఇచ్చే వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారతాయి. 230 వోల్టుల దగ్గర 25 వాట్లిచ్చేది, 180 వోల్టులకి పడిపోతే ఇచ్చేది దాదాపు 15 వాట్లే. 250కి ఎగబాకితే 30కి దగ్గరవుతుంది. పొద్దున బుద్ధిగా అతికిన ఐరన్ రాత్రి లైట్లు గుడ్డిగా వెలిగే వేళ మొరాయిస్తే పాపం దాని తప్పేముంది!

స్టేషన్లకి సాధారణంగా 60, 70 వాట్ల సత్తువ ఉంటుంది. ఆ అంకె చూసి ‘అమ్మో, బోర్డు మాడిపోతుందేమో’ అని భయపడేవాళ్లున్నారు. వేడి మీరు పెట్టినన్ని డిగ్రీలే. వాట్లు ఎక్కువంటే, పోయిన వేడిని చిటికెలో పూడ్చుకోగలదని అర్థం. గారెలు వేయగానే నూనె చల్లబడినా, మంట పెద్దదైతే మళ్లీ వెంటనే కాగుతుంది కదా... అలాగే.

ఓ రేడియో మెకానిక్ విసుగు

ఈ కథలో ముందుగా చెప్పుకోవాల్సిన మనిషీ మెకానిక్కే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ అనే ఊళ్లో కార్ల్ వెల్లర్ రేడియోలు బాగుచేసేవాడు. ఐరన్ కాగేదాకా ఎదురుచూడటం విసుగనిపించి, మీట నొక్కగానే వేడెక్కే సోల్డరింగ్ గన్ తయారుచేశాడు. 1941లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1946లో చేతికొచ్చింది. ఆయన పేరుతో వెలిసిన కంపెనీ తర్వాత మరో చక్కని ఉపాయం పట్టింది. కొన్ని లోహ మిశ్రమాలు ఫలానా వేడి దాటితే అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుంటాయి. అలాంటి ముక్కని బిట్టు వెనక అమర్చారు. వేడి హద్దుకు రాగానే అది అయస్కాంతాన్ని వదిలేస్తుంది, స్విచ్ ఆగిపోతుంది. చల్లారగానే మళ్లీ పట్టుకుంటుంది. చిప్పులూ సాఫ్ట్‌వేరూ ఏమీ లేకుండానే!

జపాన్‌లోని ఒసాకాలో 1952లో పుట్టిన హాక్కో కంపెనీది ఇంకో దారి. అది తెచ్చిన ‘936’ మోడల్ ప్రపంచమంతా పాకింది. దాన్ని చూసి చైనాలో లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయి. హాక్కో ఆ మోడల్‌ని ఎప్పుడో ఆపేసి 888 వరుసకి వెళ్లిపోయినా బజార్లో పేరు మాత్రం నిలిచిపోయింది. వనస్పతిని డాల్డా అన్నట్టు, ఇప్పుడు ఏ కంపెనీ పెట్టెనైనా ‘936’ అనే అమ్ముతున్నారు. అన్నీ చెడ్డవని కాదు. పేరు ఒకటే కదా అని సరుకు కూడా ఒకటే అనుకోకూడదంతే.

మూడో పిన్ను సంగతి

కొనేటప్పుడు కళ్లు ముందుగా వెళ్లేది మెరిసే అంకెల మీదికే. వెళ్లాల్సింది మాత్రం ప్లగ్గుకున్న మూడో పిన్ను మీదికి. బిట్టుకి ఎర్త్ సరిగ్గా లేకపోతే లీకయిన కరెంటు నేరుగా బోర్డులోకి వెళ్తుంది. మనిషికి జివ్వుమని తెలిసీ తెలియనంతగా తగిలేదే సున్నితమైన ఐసీని చంపడానికి చాలు. డెల్టాలో గాలికి తేమ ఎక్కువ కాబట్టి ఒంటి మీద పుట్టే స్థిర విద్యుత్తు బాధ పొడి ప్రాంతాల్లో ఉన్నంతగా ఉండదు. లీకేజీకి ఆ మొహమాటం లేదు.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. కరెంటు పెట్టకముందే మల్టీమీటర్ ఒక కొనని ప్లగ్గులోని లావు పిన్నుకి, రెండో కొనని బిట్టుకి ఆనించాలి. పేరున్న కంపెనీలు ఇది 2 ఓములలోపే ఉంటుందని రాసిస్తాయి. మీటర్ అసలు కదలకపోతే ఆ పెట్టెని అక్కడే వదిలేసి రావచ్చు. స్టేషన్‌కి ఎర్త్ ఉండి గోడలో లేకపోయినా లాభం లేదు. పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది కానీ మూడో కన్నం వెనక తీగే ఉండదు! వేలు పోసి స్టేషన్ కొనేవాళ్లు ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ తీగా, బొగ్గూ ఉప్పూ వేసిన ఎర్త్ గొయ్యీ సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోవడం మేలు.

తర్వాత బిట్టు. పాతకాలపు బిట్టు ఉత్త రాగిది. అరిగితే ఆకురాయితో సానపట్టేవాళ్లు. ఇప్పటిదాంట్లో లోపల రాగి, పైన ఇనుప పూత ఉంటాయి. అలవాటు కొద్దీ ఆకురాయి పెట్టారో, పూత పోయి లోపలి రాగిని లెడ్డు తినేస్తుంది. సన్నని పనికి సూదిమొనే కావాలనుకోవడం ఇంకో పొరపాటు. సూదిమొన వేడిని అందించలేదు. ఉలిలా చదునుగా, రెండు మిల్లీమీటర్లకి కాస్త పైగా వెడల్పున్న మొన చాలా పనులకి సరిపోతుంది.

నిర్మాణంలో రెండు రకాలున్నాయి. 936 తరహాలో హీటరు వేరు, దానికి తొడిగే బిట్టు వేరు. బిట్లు చవక. టీ12 తరహాలో హీటరూ సెన్సరూ బిట్టూ ఒకే కడ్డీలో ఉంటాయి. ఆ కడ్డీ ఖరీదెక్కువే కానీ క్షణాల్లో కాగుతుంది, లావు అతుకుల దగ్గర తగ్గిన వేడిని తొందరగా పుంజుకుంటుంది. రోజంతా పనిచేసేవాళ్లకి ఇదే నయం. ఏ రకమైనా, దాని బిట్లు మనకి అందే దూరంలో దొరుకుతాయో లేదో అడిగి మరీ కొనాలి. గ్యాస్కెట్ దొరకని కుక్కర్‌ని ఎవరైనా కొంటారా?

చేతికొచ్చే వైరు సిలికాన్‌దైతే మెత్తగా వంగుతుంది, పొరపాటున బిట్టు తగిలినా చటుక్కున కరిగిపోదు. ఇక డిస్‌ప్లే మీద 350 అని కనిపించినంత మాత్రాన మొన దగ్గర కూడా అంతే ఉంటుందని కాదు. తిప్పే నాబ్ ఉన్న మంచి స్టేషన్, అంకెలు చూపించే నాసి స్టేషన్ కంటే ఎప్పుడూ మేలే.

ఎవరికి ఏది?

కాకినాడ జేఎన్‌టీయూలోనో పాలిటెక్నిక్‌లోనో చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగితే పది వేలు పెట్టక్కర్లేదు. రెండు వేలకి అటూఇటూ దొరికే, ఎర్త్ పరీక్షలో నెగ్గిన స్టేషన్ చాలు. మిగిలిన డబ్బుతో ఓ మంచి సోల్డర్ చుట్ట, ఇత్తడి పీచు కొనిపెట్టండి. నాసి తీగతో ఎంత గొప్ప స్టేషనూ ఏమీ చెయ్యలేదు. ఈ పని మీదే ఇల్లు గడిచేవాళ్ల లెక్క వేరు. హాక్కో, వెల్లర్ వంటివి పది వేలు, ఆ పైన పలుకుతాయి. ఒక్క పెద్ద టీవీ బోర్డులో ప్రింటు లేచిపోతే కట్టుకోవాల్సిన నష్టం పక్కన పెట్టి చూస్తే ఆ ధర అంత భారమనిపించదు. సెల్‌ఫోన్ ఐసీలు మార్చేవాళ్లకి వేడిగాలి యంత్రమూ కావాలి. రెండూ కలిపిన పెట్టెలు చూడముచ్చటగానే ఉంటాయి. ఒకటి పాడైతే రెండు పనులూ ఆగుతాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

సామర్లకోటలో నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి ఎంచుకోవడం కష్టం. పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న కాకినాడో, లేదంటే రాజమండ్రో వెళ్లొచ్చు. ఇంకా ఎక్కువ చూడాలంటే రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. కోఠిలోని గుజరాతీ గల్లీ ఇలాంటి సరుకుకే పేరు. చెన్నై వెళ్లేవాళ్లకి రిచీ స్ట్రీట్ ఉంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తెప్పించుకుంటే ధర కలిసిరావచ్చు. కానీ కొట్లో అయితే ప్లగ్గు పెట్టించి, లావు రాగి తీగ మీద లెడ్డు ఎంతసేపటికి పారుతుందో కళ్లారా చూడొచ్చు.

సీసమున్న తీగకి 320 నుంచి 350 డిగ్రీలు, సీసం లేనిదానికి 350 నుంచి 380 సరిపోతాయి. అతుకు కరగడం లేదని వేడి పెంచుకుంటూ పోయేకంటే పెద్ద బిట్టు వేయడం మంచిది. 400 దాటిస్తే బిట్టు ఆయుష్షు హరించుకుపోతుంది. స్పాంజిని బోరు నీళ్లతో కాకుండా ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపితే ఉప్పు పట్టదు. పని అయ్యాక మొనకి కాస్త లెడ్డు పూసి ఆపేయాలి. గిన్నెకి కళాయిలా అదే దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది.

పొగ సంగతి చాలామంది పట్టించుకోరు. అది సీసం పొగ కాదు, ఈ వేడికి సీసం ఆవిరవదు. రోజిన్ కాలిన పొగ. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకి ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. కిటికీ తెరిచి, పొగని పక్కకి లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోవాలి. సీసం ఒంట్లోకి వెళ్లేది వేళ్ల ద్వారా. అందుకే పని మధ్యలో బజ్జీ తినడం, తీగని పళ్లతో పట్టుకోవడం లాంటివి మానేసి, లేచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో బల్ల ఎత్తుగా ఉండాలి, స్టాండు బరువుగా ఉండాలి. స్విచ్ ఆపాక కూడా కొన్ని నిమిషాలపాటు బిట్టు చుర్రుమనేంత వేడిగానే ఉంటుంది, చూడటానికి మాత్రం చల్లారినట్టే కనిపిస్తుంది.