దడ, దిగులు, మన పిల్లలు: సీబీటీ గురించి తెలుసుకుందాం

అరోరాలో మన తెలుగు బడికి వచ్చే పిల్లల్లో చాలామంది అఆలు దిద్దినప్పటి నుంచీ మన కళ్ల ముందు పెరిగినవాళ్లే. అందుకే హైస్కూలుకు వచ్చేసరికి వాళ్లలో మార్పు వస్తే ఒక్కోసారి ముందు మనకే తెలుస్తుంది. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే పిల్ల తలుపు పక్కకు చేరుతుంది. ఉగాది నాటకంలో వేషం కోసం పోటీపడే పిల్లాడు "నాకు వద్దు" అంటాడు. "వయసు అలాంటిది, అదే పోతుందిలే" అని వదిలేయకుండా, అలాగని కంగారుపడిపోకుండా ఏం చేయవచ్చో ఇక్కడ చూద్దాం.

ఏది డిప్రెషన్, ఏది పానిక్?

ఒకరోజు దిగులుగా ఉండడం డిప్రెషన్ కాదు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, నిద్ర, ఆకలి, చదువు దెబ్బతింటున్నా డాక్టరుకు చూపించాలి. టీనేజి పిల్లల్లో ఇది దిగులుగా కాక చిరాకుగా, కోపంగా కూడా బయటపడుతుంది. దాన్ని మనం "పొగరు" అనుకుంటాం.

పానిక్ అటాక్ వేరు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. మొదటిసారి వస్తే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆస్తమా, థైరాయిడ్, గుండె సమస్యలు లేవని ముందు తేల్చుకోవాలి.

సీబీటీలో ఏం చేస్తారు?

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీనే క్లుప్తంగా సీబీటీ అంటారు. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీనికి పునాది వేశారు. ఆలోచన, భావం, శరీరం, చేసే పని, ఈ నాలుగూ ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయన్నది ఇందులోని మూలసూత్రం.

ఒక పదిహేనేళ్ల అమ్మాయి వేదిక మీద పద్యం చెప్పాలనుకుందాం. గుండె వేగం పెరిగింది. "నాకేదో అయిపోతోంది" అనుకుంది. ఆ ఆలోచనతో భయం పెరిగింది, భయంతో దడ ఇంకా పెరిగింది. వేదిక దిగి వచ్చేసింది, వెంటనే ప్రాణం హాయిగా అనిపించింది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. తర్వాత క్లాసు, ఆ తర్వాత స్కూలు బస్సు, ఇలా తప్పించుకునే చోట్లు పెరుగుతాయి. ఇంట్లోనే ఉండిపోతే దిగులు మొదలవుతుంది.

థెరపిస్టు ఈ చక్రాన్ని పిల్లతోనే కాగితం మీద గీయిస్తారు. "దడ వచ్చిన ప్రతిసారీ చివరికి ఏమైంది?" అని అడిగి, ఆలోచనకు సాక్ష్యం ఉందో లేదో చూడమంటారు. తర్వాత తన దగ్గరే సన్నటి స్ట్రాతో ఊపిరి తీయించడం, కుర్చీలో గిరగిరా తిప్పడం వంటివి చేయించి, దడ, తల తిరగడం ప్రమాదం కాదని అనుభవంలో చూపిస్తారు. భయపడే చోట్లకు మెట్టు మెట్టుగా తీసుకెళ్తారు. దిగులు విషయంలో, మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులు ముందే మొదలుపెట్టిస్తారు: పది నిమిషాల నడక, ఒక స్నేహితురాలికి ఫోను. సాధారణంగా వారానికొక సెషన్ చొప్పున మూడు, నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఇంటిపని కూడా ఉంటుంది, మన బడిలో లాగే!

నిజంగా పనిచేస్తుందా?

డిప్రెషన్ ఉన్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మందితో అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. 12 వారాలకు మందు, సీబీటీ కలిపి తీసుకున్నవారిలో 71 శాతం మంది మెరుగుపడ్డారు. మందు ఒక్కటే అయితే 61 శాతం, సీబీటీ ఒక్కటే అయితే 43 శాతం. 36 వారాలకు సీబీటీ ఒక్కటే తీసుకున్నవారు కూడా 81 శాతానికి చేరారు. అంటే సీబీటీకి ఓపిక కావాలి, దిగులు తీవ్రంగా ఉంటే మందు కూడా అవసరం కావచ్చు. అది డాక్టరు నిర్ణయం. మందు మొదలుపెట్టిన కొత్తలో పిల్లల్ని దగ్గరగా గమనించాలి, సొంతంగా ఆపేయకూడదు.

తల్లిదండ్రులకు

"మేము ఇంతకంటే కష్టాలు పడ్డాం" అన్న మాట నిజమే కావచ్చు, కానీ ఆ సమయంలో అది పిల్లల నోరు మూయిస్తుంది. "ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగి వినండి. మన బాలాజీ గుడిలో అర్చన చేయించండి, అపాయింట్‌మెంటూ తీసుకోండి. రెండింటికీ పోటీ లేదు. థెరపిస్టు చెప్పేది అర్థం కాకపోతే దుబాసీ కావాలని అడగండి. పిల్లచేతే అనువాదం చేయించకండి.

ఇలినాయ్ చట్టం ప్రకారం 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండానే ఎనిమిది కౌన్సెలింగ్ సెషన్లకు వెళ్లవచ్చు. అది తెలిసి నొచ్చుకోవద్దు; సాయం అడిగారని సంతోషించండి. 2022 జనవరి నుంచి మానసిక ఆరోగ్యం కోసం ఏడాదికి అయిదు రోజుల వరకు డాక్టరు చీటీ లేకుండా స్కూలుకు సెలవు పెట్టవచ్చు. అయితే పానిక్ ఉన్న పిల్లలకు ఆ సెలవే తప్పించుకునే దారి కాకుండా థెరపిస్టుతో మాట్లాడి వాడుకోండి.

టీచర్లకు

మనం థెరపిస్టులం కాదు. క్లాసులో దడ వస్తే పక్కన కూర్చుని, "ఇది తగ్గుతుంది, నేనిక్కడే ఉన్నాను" అని నెమ్మదిగా చెప్పండి. నొప్పి ఎక్కువగా ఉన్నా, స్పృహ తప్పినా 911కి ఫోన్ చేయండి. తగ్గాక వీలైతే క్లాసులోకి తిరిగి రానివ్వండి. అందరి ముందూ ప్రస్తావించకండి, ఆరోజే తల్లిదండ్రులకు విడిగా చెప్పండి.

పాఠాల్లో పండ్లు, రంగుల పేర్లతో పాటు దిగులు, బెంగ, దడ, విసుగు, చిరాకు అనే మాటలూ నేర్పండి. అమ్మమ్మకు "బెంగగా ఉంది" అని చెప్పగలిగిన పిల్ల సగం గడప దాటినట్టే.

"బతకాలని లేదు" అన్న మాట వినిపిస్తే గుట్టుగా ఉంచవద్దు. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పిల్లను ఒంటరిగా వదలకుండా వెంటనే తల్లిదండ్రులను పిలవండి. ఇంట్లో మందులు తాళం వేసి పెట్టమనండి. 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. ప్రాణాపాయం ఉంటే 911. ఈ రెండు నంబర్లూ ప్రతి క్లాసు గదిలో పిల్లలకు కనబడేలా అంటించి ఉంచండి.