పాత ఇంటికి కొత్త గది: అండమాన్‌లో చివరి దశ పనులే ఎందుకు కీలకం?

శ్రీ విజయపురం: ఉన్న ఇంటికి మరో గదిని జోడించే పని శ్లాబు పడగానే దాదాపు పూర్తయినట్లు కనిపిస్తుంది. ఇక మిగిలినవి పూతలు, రంగులేనని యజమానులు భావిస్తారు. అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం ఆ గది భూకంపాన్నీ, వాననూ, ఉప్పుగాలినీ ఎంతవరకు తట్టుకుంటుందన్నది చాలావరకు ఈ చివరి వారాల పనులపైనే ఆధారపడి ఉంటుంది.

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తదితర ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. స్వస్థలంలో అలవాటైన నిర్మాణ పద్ధతులు ఇక్కడ యథాతథంగా సరిపోవు.

ముప్పు ఎంత?

2016లో సవరించిన ఐఎస్ 1893 ప్రమాణం దీవులన్నింటినీ అత్యంత తీవ్రమైన ఐదో భూకంప మండలంలో చేర్చింది. ఆ ప్రమాణం రెండో మండలంలో ఉంచిన హైదరాబాద్, విశాఖపట్నాలకు మండల గుణకాన్ని 0.10గా, ఇక్కడ 0.36గా నిర్ణయించింది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో సంప్రదాయ కలప ఇళ్లు చాలావరకు నిలదొక్కుకోగా, నియమాలు పాటించకుండా కట్టిన కొన్ని కాంక్రీటు భవనాలు దెబ్బతిన్నాయి.

రెండు గోడల మధ్య ఖాళీ

పాత ఇంటి పునాది ఎప్పుడో సర్దుకుని ఉంటుంది. కొత్త పునాది బరువు పడిన తరువాత క్రమంగా సర్దుకుంటుంది. రెండు గోడలనూ బిగించి కలిపితే అతుకు వద్ద బీటలు వారతాయి. భూకంప సమయంలో వేర్వేరుగా ఊగే రెండు భాగాలు ఒకదానినొకటి ఢీకొనే ప్రమాదమూ ఉంది. అందుకే కొత్త భాగాన్ని సొంత పిల్లర్లపై విడిగా నిలిపి, మధ్యలో ఖాళీ వదులుతారు. ఐఎస్ 4326 ప్రకారం ఇది కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. అంతస్తులు పెరిగేకొద్దీ ఖాళీ కూడా పెరగాలి.

పూత పనుల సమయంలో ఈ సందు చూడటానికి బాగోలేదని సిమెంటుతో పూడ్చివేయడం తరచుగా జరిగే పొరపాటు. ఒక్కరోజు పనితో ఖాళీ వదిలిన ప్రయోజనమంతా పోతుంది. సులభంగా నొక్కుకుపోయే మెత్తని పదార్థంతో నింపి, ఒక వైపు గోడకు మాత్రమే బిగించిన రేకుతో కప్పడం సరైన పద్ధతి.

తొందర వద్దు

సాధారణ సిమెంటు వాడినప్పుడు 4.5 మీటర్ల లోపు శ్లాబుకు కనీసం 7 రోజులు, 6 మీటర్ల లోపు దూలాలకు 14 రోజులు సెంట్రింగు ఊతాలు ఉంచాలని ఐఎస్ 456 నిర్దేశిస్తోంది. బూడిద కలిసిన సిమెంటు అయితే మరికొంత సమయం పడుతుంది. నీటితో తడపడం కూడా కనీసం 10 రోజులు సాగాలి. కూలీల రోజులు కలిసివస్తాయని ముందే ఊతాలు తీస్తే శ్లాబు కుంగవచ్చు.

ఉప్పు, ఇసుక

సముద్రతీర వాతావరణంలో ఇనుప చువ్వలపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. పూత మందాన్ని ఇందులో లెక్కించరాదు. ఉప్పు చేరితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. తీరాల్లో ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. అనుమతి లేకుండా తీరం నుంచి తెచ్చిన ఇసుక చట్టరీత్యానే కాక ఇంటికీ చేటు.

భవిష్యత్తులో మేడ వేయవచ్చన్న ఆశతో పిల్లర్లపై వదిలే చువ్వలు ఈ గాలికి త్వరగా తుప్పుపడతాయి. పని ముగిసేలోగా వాటిని పలుచని కాంక్రీటుతో కప్పివేయాలి.

వానకు ముందే పరీక్ష

దీవుల్లో రెండు రుతుపవనాలూ కలిసి ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిపిస్తాయి. నీరు నిలవకుండా శ్లాబుకు వాటం ఇచ్చి, గొట్టాలను తాత్కాలికంగా మూసి, కనీసం ఒక రోజంతా నీరు నిలిపి చూడాలి. పాత, కొత్త కప్పులు కలిసేచోట చెమ్మ దిగితే పూతకు ముందే సరిచేయవచ్చు. గోడలు పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే పొరలుగా లేస్తుంది. వర్షాలు తక్కువగా ఉండే జనవరి–ఏప్రిల్ నెలలు ఈ పనులకు అనువైనవి. సిమెంటు, ఇనుము ప్రధానంగా ఓడలపైనే రావాలి గనుక సామగ్రిని ముందుగా తెప్పించుకోవడం అవసరం.

విద్యుత్తు, పత్రాలు

పాత తీగలపైనే కొత్త గది భారం మోపకుండా విడిగా తీగ లాగి, ఎర్తింగ్‌ను మళ్లీ పరీక్షించాలి. చివరిగా, అనుమతి పొందిన నక్షాకు, కట్టిన గదికి తేడా లేదని సరిచూసుకుని స్థానిక సంస్థ నుంచి పూర్తి ధ్రువీకరణ పత్రం పొందాలి. తీరానికి చేరువలోని స్థలాలకు 2019 నాటి ద్వీప తీర నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి. తరువాత ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకు రుణం తీసుకోవాలన్నా ఈ పత్రాలే ఆధారం.