కచ్చులూరు పడవ ప్రమాదం - మృతుల గుర్తింపు
పోలవరానికి ఎగువన, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అను పర్యాటక పడవ గోదావరి వరదలో మునిగిపోయినది. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మృతదేహాలు మాత్రము ఒక్కరోజులో దొరకలేదు. కొన్ని దిగువకు కొట్టుకుపోగా, కొన్ని పడవలోనే చిక్కుకొన్నాయి. ధర్మాడి సత్యం బృందం పడవను వెలికితీసినది అక్టోబరు 22న, అంటే 38వ రోజున.

శవపరీక్షలు రాజమండ్రి ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగాయి. మునిగిన దేహం సాధారణంగా మొదట అడుగుకు చేరి, కుళ్ళినప్పుడు పుట్టే వాయువుల వలన పైకి తేలుతుంది. లోతున నీరు చల్లగా ఉంటే ఇది ఆలస్యమవుతుంది. అప్పటికి ముఖం పోల్చుకొనరాకుండా మారుతుంది, అరచేతి చర్మం తొడుగువలె ఊడివస్తుంది (ఆ చర్మం నుండి కూడా నిపుణులు వేలిముద్రలు తీయగలరు). దుస్తులు, నగలు ఆధారాలే గాని చాలవు. ఒకే రకం చీర ఎందరికో ఉండవచ్చును. ఇటువంటి సందర్భాలలో పంటి నుండి గాని తొడ ఎముక నుండి గాని డి.ఎన్.ఎ. సేకరించి, తల్లిదండ్రుల లేదా సంతానపు రక్త నమూనాలతో పోలుస్తారు. ఒక దేహాన్ని పొరపాటున వేరొకరికి అప్పగిస్తే నష్టపోయేది రెండు కుటుంబాలు.

దేహమే దొరకనివారి బంధువుల పరిస్థితి మరింత కఠినం. ఏడు సంవత్సరాలు ఆచూకీ లేని వ్యక్తిని మరణించినట్లు భావించడం చట్టంలోని సాధారణ నియమం. ప్రమాద సాక్ష్యం బలంగా ఉన్నచోట న్యాయస్థానం అంతకు ముందే మరణాన్ని నిర్ధారించవచ్చును.