పాము మందు – గుర్రం దగ్గర అరువు

మొన్న డార్మిటరీ వెనకాల కట్లపాము కనబడ్డప్పటి నుండి అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఒకసారి పాము సూదిమందు వేయించుకుంటే ఇంక జన్మలో విషం ఎక్కదంట, నిజమేనా?" అని. నిజం కాదు. ఎందుకో రాస్తున్నాను.

మన రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. పుస్తకంలో ప్రతిరక్షకాలు అంటారు. ఇవి ప్రోటీన్లు. ఆకారం పంగలకర్ర లాగ. రెండు పొడుగు గొలుసులు, రెండు పొట్టి గొలుసులు కలిస్తే ఒక పంగలకర్ర. పంగల కొసలు విషాన్నో, క్రిమినో పట్టుకుంటాయి. కింద కాడ ఏమో "దొరికింది, రండి" అని మిగతా కణాలను పిలుస్తుంది.

తాళానికి చెవి లాగ ఒక్కో రకం కొస ఒక్కోదాన్నే పట్టుకుంటుంది. మరి ఇన్ని రకాల క్రిములకి ఇన్ని చెవులు ఎక్కడివి? నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పూసలదండ గుచ్చేటప్పుడు ఒక్కో కుప్పలోంచి ఒక్కో పూస తీస్తాం కదా. పొడుగు గొలుసు కొసకి జన్యువుల్లో అలాంటి కుప్పలు మూడున్నాయి. ఒకదాంట్లో సుమారు 40 ముక్కలు, ఇంకోదాంట్లో 23, మూడోదాంట్లో 6. గుణించి చూడండి, 5,520 రకాలు! పొట్టి గొలుసుకీ ఇలాగే. అతికే చోట ఇంకా మార్పులు జరుగుతాయి. అందుకే కోట్ల రకాలు. ఇది కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే సరైన కొస ఉన్న కణం దొరికి, అది పెరిగి, చాలినన్ని యాంటీబాడీలు చేసేసరికి రోజులు పడుతుంది. కట్లపాము విషం గంటల్లోనే ఊపిరి ఆపేస్తుంది. అందుకని గుర్రం దగ్గర అరువు తెస్తారు. విషం కొంచెం కొంచెం పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తే అది యాంటీబాడీలు చేస్తుంది. వాటిని రక్తంలోంచి తీసి, కాడ కోసేసి, పంగలు మాత్రం ఉంచుతారు. గుర్రం కాడ మన ఒంటికి అంతగా పడదు. పంగలతో కూడా కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అందుకే ఆసుపత్రిలోనే ఎక్కించాలి. ఆ విషం తీసేవాళ్ళలో మనలాంటి ఆదివాసులే ఉన్నారు! తమిళనాడులో ఇరుల వాళ్ళు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు.

అరువు యాంటీబాడీలు కొన్నాళ్ళకి ఒంట్లోంచి పోతాయి. వాటిని చేసే కణాలు గుర్రంలోనే ఉండిపోయాయి కదా. మళ్ళీ కరిస్తే మళ్ళీ మందే. టీటీ సూది అలా కాదు, అది మన కణాలకే పని నేర్పుతుంది.

ఇంకోటి. తిరుగుతున్న విషాన్నే యాంటీబాడీ పట్టగలదు. నరాల కొసలు పాడయ్యాక బాగుచెయ్యలేదు. కట్లపాము కాటుకి వాపూ నొప్పీ పెద్దగా ఉండవు. అందుకే మా ఊళ్ళో ఒక పెద్దమ్మకి రాత్రంతా పసరు పోసి, తెల్లారాక డోలీ కట్టారు. దారిలోనే పోయింది.

చిన్నపిల్లలకి సగం మందు చాలా అని ఆరో తరగతి చెల్లి అడిగింది. చాలదు, పెద్దవాళ్ళకి ఎంతో పిల్లలకీ అంతే. మనిషి చిన్నదని పాము విషం తగ్గించి వదలదు.