రాత్రి చీపురు నేర్పిన పాఠం

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్ విడిచి వెళ్ళారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఏనాటి చెత్తను ఆనాడే ఎత్తించారు. రాత్రివేళ కూడా వీధులు ఊడ్పించారు. అనతికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాలలో ఒకటిగా పేరొందింది.

నోటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అర్ధరాత్రి నిద్ర చెరిపే పంటినొప్పి ఆ రాత్రి పుట్టినది కాదు. పాచిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పింగాణీ పొరను కరిగిస్తుంది. గుంత లోతయ్యేదాకా బాధ తెలియదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. కనుక పడుకొనేముందు ఫ్లోరైడు పేస్టుతో రెండు నిమిషాలు తోముకోవడం అత్యవసరం.

సూరత్ లింబాయత్ ప్రాంతంలో తెలంగాణనుండి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో మరమగ్గాలనే నమ్ముకొన్నాయి. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపేందుకు మాటిమాటికీ తీపి టీ త్రాగితే పళ్ళకు విరామం ఉండదు. గుజరాత్ 2012లో గుట్కాను నిషేధించింది. కాని వక్క ఒక్కటే చాలు, కాలక్రమాన నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోవడానికి. పళ్ళతో దారం తెంపడం, సీసా మూత తీయడం కూడా పన్ను విరిగేందుకు దారులే.

దెబ్బ తగిలి పెద్దవారి పన్ను ఊడితే వేరును తాకక, పైభాగం పట్టుకొని, పాలలో వేసి, అరగంటలోగా వైద్యుని చేరాలి. దవడ వాచి, జ్వరం వచ్చి, మ్రింగుడు కష్టమైతే తెల్లవారేదాకా ఆగరాదు.

ఆ రాత్రి రాకుండా చూసేది మాత్రం ప్రతి రాత్రీ కదిలే బ్రష్షే.