గ్రహణము: నీడల లెక్క

పులికాట్ సరస్సున చేపలు పట్టి జీవించువారికి అమావాస్యకును, పున్నమికిని సముద్రపు పోటు హెచ్చునని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రెండు తిథులందును సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరుసలోనికి వచ్చుటయే అందుకు కారణము. గ్రహణములును ఆ తిథులందే కలుగును. అమావాస్యనాడు చంద్రుని నీడ భూమిపై పడినచో సూర్యగ్రహణము. పున్నమినాడు భూమి నీడలో చంద్రుడు చొచ్చినచో చంద్రగ్రహణము.

అట్లయిన ప్రతి పక్షమునకును ఒక గ్రహణ మేల రాదు? చంద్రుడు తిరుగు దారి, భూమి తిరుగు దారికి సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. కనుక పెక్కు మాసములందు చంద్రుని నీడ భూమికి పైగానో, క్రిందుగానో సాగిపోవును. ఆ రెండు దారులు రెండు చోట్ల మాత్రమే కలియును. తిథి ఆ చోట్ల సమీపమున పడినప్పుడే గ్రహణము. సరస్సునకు పడమటనున్న శ్రీకాళహస్తియందు పూజలందుకొను రాహుకేతువులు జ్యోతిష గణితమున ఈ రెండు బిందువులే. రాహువు మ్రింగునని కథ చెప్పినను, పంచాంగకర్త లెక్కించునది వీనినే. ఆర్యభటుడు చంద్రుడు సూర్యుని, భూమి నీడ చంద్రుని కప్పునని 499 ప్రాంతముననే చెప్పియుండెను.

సూర్యుడు చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్దవాడు; దూరమును సుమారు 400 రెట్లే. అందుచే మన కంటికి ఇరువురును ఒకే పరిమాణమున కనిపింతురు. సంపూర్ణ గ్రహణమున బింబము పూర్తిగా మరుగుపడి, దాని చుట్టునున్న కరోనా యను తెల్లని వెలుగు బయటపడును. ఒకచోట ఈ దృశ్యము ఏడున్నర నిమిషములకు మించి నిలువదు. 1868 ఆగస్టు 18న ఆ కొద్ది నిమిషముల కొరకే ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. నాటి పరిశీలనలు హీలియం అను మూలకమును గుర్తించుటకు దారితీసెను.

నేడు ఆ నిమిషముల కొరకు ఎదురుచూడ నక్కరలేని ఉపాయ మొకటి ఏర్పడినది. పులికాట్ సరస్సును సముద్రమునుండి వేరుచేయు శ్రీహరికోట దీవినుండి 2024 డిసెంబరు 5న పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు, ఐరోపా అంతరిక్ష సంస్థవారి ప్రోబా-3 జంట ఉపగ్రహములను గొనిపోయెను. ఒకటి 1.4 మీటర్ల పళ్లెరముతో సూర్యుని కప్పును. సుమారు 150 మీటర్ల వెనుక రెండవది ఆ నీడలో నిలిచి కరోనాను చిత్రించును. ఈ కృత్రిమ గ్రహణము ఒక్కొక్కసారి ఆరు గంటలవరకు సాగగలదు. 2025లో తొలి చిత్రములు వెలువడినవి.

నీడకు భయపడ పనిలేదు, భయపడవలసినది వెలుగునకు. చంద్రగ్రహణమును ఇంటిల్లిపాదియు వట్టి కంటితో చూడవచ్చును. సూర్యగ్రహణము నట్లు చూడరాదు. కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు. అది కాలిన సంగతి చూపు చెడిన పిదపగాని తెలియదు. మసి పట్టించిన అద్దమును, పళ్లెములోని నీరును రక్షణ కావు. అట్టకు సన్నని రంధ్రము పొడిచి, సూర్యునకు వీపు త్రిప్పి నిలిచి, గోడపై పడిన బింబమును పిల్లలకు చూపుడు. గ్రహణమంతయు ఆ గోడమీదనే కనిపించును.